కొత్త ఫోనులోకి ఎక్కని చుక్క

డిసెంబరు ఇరవయ్యో తేదీ నుంచి జనవరి ఒకటో తేదీ వరకు నా డైరీలో పదమూడు పేజీలు ఉన్నాయి. ప్రతి పేజీలోనూ నిద్ర లేచిన సమయం, రక్తపోటు, పొద్దున నడిచిన అడుగుల సంఖ్య, ఆ రోజు వచ్చిన మనుషులు, వారు వెళ్లిన సమయం వరుసగా రాసి ఉన్నాయి. ఆ పదమూడు రోజులూ నా మనసును వదలని ఒక్క విషయం మాత్రం ఏ పేజీలోనూ లేదు. దానిని ఇప్పుడు రాస్తున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వేయరుగా పనిచేశాను. గొలుసు పట్టి పొలాలు కొలిచాను, థియోడలైటు కంటికి ఆనించి కోణాలు చదివాను. ఒకరి మాట మీద గట్టు జరపలేదు. కొలత ఏది చెబితే అది రాశాను. ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు. మా ఇల్లు కళింగపట్నం ఒడ్డుకు మూడు కిలోమీటర్ల లోపలే. రోజూ పొద్దున ఒడ్డు దాకా నడిచి వస్తాను. అక్కడి జాలరుల ఇళ్ల స్థలాలను ఒకప్పుడు కొలిచి ఇచ్చింది నేనే కనుక, వాళ్లకు నేను ఇప్పటికీ ‘సర్వేరు బాబు’నే.

వాళ్లలో ఒకడితో నాకు ఎక్కువ స్నేహం. యాభై రెండేళ్ల మనిషి. చదువు లేదు. అయిదుగురు వెళ్లే ఫైబరు తెప్పకు అతనే పెద్ద. ఇంజను దగ్గర కూర్చుని దారి చూసేది అతనే. నీటి అడుగున చేపలు చేరే రాళ్లు మూడు అతనికి తెలుసు. రాతి మీదే వేస్తే వల చిరిగిపోతుంది కనుక, కొంత ఎడంగా వేస్తారు. వాళ్ల నాన్న చూపించినవి. ఒడ్డున ఉన్న దీపస్తంభమూ, దాని వెనుక దూరంగా శాలిహుండం కొండ కొనా ఏ వరసలోకి వస్తే ఏ రాయి వచ్చినట్టో అతనికి కంటిలో ఉంది. ఆ రాళ్ల ఉనికిని పక్క తెప్ప వాళ్లకు చెప్పరు. వేరే తెప్ప ఎక్కే సొంత అన్నదమ్ములకు కూడా చెప్పరు. నాకు చెప్పాడంటే నేను సముద్రంలోకి దిగనివాణ్ణి గనుక.

“కొండ కదలదు, నిజమే. నీ కన్ను కదులుతుంది కదా,” అని నేను అతనిని చాలాసార్లు ఆటపట్టించాను. నా మాట మీదే అతను ఒక చిన్న జీపీఎస్ పెట్టె కొన్నాడు. దానిలో పట్టిన మూడు రాళ్ల కొలతలను కిందటేడు నేను నా సర్వే పుస్తకంలో రాసుకుని, నా ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఎక్కించుకున్నాను. తరువాత ఆ పెట్టెలోకి ఉప్పునీరు వెళ్లి అది పాడైపోయింది. ఆ కొలతలు ఇంక నా దగ్గర మాత్రమే మిగిలాయి. అవి ఎంత అన్నది ఇక్కడ రాయను. అవి నావి కావు.

నవంబరు ఇరవై ఏడున ఫోను మార్చాను. నెమ్మదించిన పాత ఆండ్రాయిడ్ పక్కన పెట్టి ఐఫోన్ తీసుకున్నాను. మా అమ్మాయి విజయనగరంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఆమెదీ అదే రకం. “నీ ఫోను ఒకలాగ, నా ఫోను ఒకలాగ ఉంటే ఇక్కణ్ణుంచి నీకు ఏటి చెప్పగలను నాన్నా?” అని ఆమె ఏడాదిగా అంటోంది. కొన్న రోజు ఫోనులోనే మరో మాట కూడా చెప్పింది.

“పాత దాంట్లోవన్నీ తిన్నగా ఇందులోకి రావు నాన్నా. ఆ రాళ్ల యాప్ ఈ ఫోనుకి అసలు లేదు. ఆదివారం వస్తాను కదా, అప్పటిదాకా నువ్వు ఏమీ ముట్టుకోకు.”

“మూడు గుర్తులకు నువ్వు రావాలా? నా చేత్తో ఎక్కిస్తాను.”

“నీ ఇష్టం. తొందరపడి పాతదాన్ని ఖాళీ చేసెయ్యకు మరి.”

తొందర అన్న మాట నాకు గుచ్చుకుంది. నా జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. మర్నాడు, శుక్రవారం, రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఇక్కడ రెండు ముక్కలు వివరించాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. భూమి మీద ఒక చోటును చెప్పడానికి ఉత్తరంగా ఎంత, తూర్పుగా ఎంత అని రెండు కొలతలు కావాలి. అతని పెట్టెలోనూ, నా పాత ఫోనులోనూ అవి డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల పక్కన ఒక చుక్క, చుక్క తరువాత రెండు అంకెలుగా ఉండేవి. చుక్క తరువాతవి నిమిషంలో నూరో వంతులు. కొత్త ఫోను కొలత చూపించే తీరు వేరు. అది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అంటుంది. నిమిషానికి అరవై సెకన్లు. థియోడలైటు మాట్లాడిన భాష అదే. ఆ తెర చూడగానే, ఇన్నాళ్లకు నా భాష తెలిసిన ఫోను దొరికిందని మురిసిపోయాను.

ఆ మురిపెంలో, చుక్క తరువాత ఉన్న అంకెలను తిన్నగా సెకన్ల గదిలో కూర్చోబెట్టాను. ముప్పై అయిదు వంతులు ముప్పై అయిదు సెకన్లయ్యాయి.

పొరపాటు అంతటితో ఆగి ఉంటే దానిని పరధ్యానం అనేవాణ్ణి. మూడో రాయి తూర్పు కొలతలో చుక్క తరువాత డెబ్బై రెండు ఉంది. డెబ్బై రెండు సెకన్లు అనేవి ఉండవు. అరవై నిండగానే మరో నిమిషం అవుతుంది. ఆ అంకె నన్ను ఆపింది. ఆగాను, కానీ ఆగవలసినంతసేపు ఆగలేదు. ఆ జాలరి కొన్నది నాసిరకం పెట్టె, నిమిషానికి మార్చకుండానే చూపించి ఉంటుందని అనుకున్నాను. డెబ్బై రెండును ఒక నిమిషం పన్నెండు సెకన్లుగా నేనే ‘సరిచేశాను’. నా సర్వే పుస్తకం మంచం కింది పెట్టెలో ఉంది. లేచి తీసి పోల్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. పోల్చలేదు. పాత ఫోనును ఖాళీ చేసి నా భార్య చేతికి ఇచ్చాను. ఆదివారం అమ్మాయి వచ్చి “అయిందా?” అంటే “నువ్వు రాకముందే అయిపోయింది,” అని గర్వంగా చెప్పాను.

డిసెంబరు రెండున ఆ మూడు గుర్తులనూ అతని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాను. “మంచు రోజుల్లో కొండ కనపడదు కదా, అప్పుడు ఇది చూసుకో,” అన్నాను.

“మీ దయ బాబూ,” అన్నాడు.

పదహారు రోజులు ఆకాశం తేటగా ఉంది. అతను కొండ చూసుకునే వల వేశాడు. పద్దెనిమిదో తేదీన మంచు దిగింది.

ఆ పొద్దున నేను ఒడ్డుకు చేరేసరికి ఏడూ పది. తెప్ప అప్పటికే ఇసుక మీదికి వచ్చేసింది. వల ఇసుకలో కుప్పగా పడి ఉంది. వల అనడానికి వీలులేదు. సగానికి పైగా చీలికలు పేలికలు. తక్కినది రాతికే ఉండిపోయిందట. అతని భార్య ఆ కుప్ప దగ్గర కూర్చుని, వలను తేల్చే బెండ్లు ఏరుతోంది. చుట్టూ ఏడుగురు మగవాళ్లు నిలబడ్డారు. లెక్కపెట్టాను. నాకు అలవాటు.

అదే తెప్ప మీద వెళ్లే అతని బావమరిది నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. “ఒరే బావా, రాయినే పట్టుకొచ్చేద్దామని వలేసినావేటి? పట్టుకొస్తే మాత్రం ఎవుడు కొంటాడ్రా?”

“ఎటకారం ఆపు,” అని అతను నా వైపు తిరిగాడు. “బాబూ, కొండ కనపడ్నేదు. ఫోను సూసుకుని, ఎప్పట్లాగే రాతికి దక్షిణంగా నాలుగొందల మీటర్లు ఇవతలికొచ్చి యేసినాను. తిన్నగా రాతి నెత్తి మీద పడిపోనాది. అంకెలో తప్పేటైనా ఉన్నాదేమో ఓపాలి సూడండి.”

నేను కళ్లద్దాలు పెట్టుకుని అతని ఫోనులోని అంకెనూ, నా కొత్త ఫోనులోని అంకెనూ పోల్చాను. రెండూ ఒకటే. ఒకే చేతి నుంచి వచ్చిన రెండు నకళ్లు ఒకటిగా ఉండడం రుజువు కిందికి రాదని, కొత్తగా చేరిన సర్వేయర్లకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ పొద్దున నాకు అది గుర్తు రాలేదు.

“అంకె సరిగ్గానే ఉంది. మంచులో నీరు తెప్పను లాగేసి ఉంటుంది. నువ్వు చూసుకోలేదు. యంత్రం తప్పు చెప్పదు, మనిషి కన్నే తప్పుతుంది,” అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను.

అతను తల దించుకున్నాడు. “అంతే బాబూ. నానే సూసుకోనేదు. మీ అంకెని అనుమానించినానని ఏటీ అనుకోకండి.”

“ఫరవాలేదులే,” అన్నాను. అతనిని క్షమించాను కూడా.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం, నీరు ఆ తెప్పను ఎంత దూరం లాగి ఉంటుందో లెక్క కట్టి అతనికి చూపిద్దామని కూర్చున్నాను. నా మాట నిజమని అంకెలతో రుజువు చేయాలన్నదే ఉద్దేశం. దానికోసం మంచం కింద పెట్టె లాగి సర్వే పుస్తకం తీశాను. ఆ పొద్దున వల పోయిన రెండో రాయి ఉత్తర కొలతలో, నా చేతివ్రాతలో, నిమిషాలకూ ముప్పై అయిదుకూ మధ్య చుక్క ఉంది. నేను చుక్కలు గట్టిగా పెడతాను, కాగితం వెనుక వేలికి తగిలేటట్టు. పేజీ తిప్పి వేలితో తడిమాను. తగిలింది.

వందకు ముప్పై అయిదు వంతులంటే ఇరవై ఒక్క సెకన్లు. నేను రాసినది ముప్పై అయిదు. తేడా పద్నాలుగు. సెకనుకు నేల మీద ముప్పై మీటర్ల పైచిలుకు చొప్పున నాలుగు వందల ముప్పై మీటర్లు. రాయిని నేను అంత ఉత్తరానికి జరిపేశాను. తూర్పు కొలతలో చుక్క తరువాత ఉన్నది సున్నా మూడే కనుక అటు తేడా లెక్కలోకి రాదు. అక్కడి నుంచి అతను దక్షిణంగా నాలుగు వందల మీటర్లు లెక్కగా వచ్చి, లెక్కగా రాతి మీద వల వేశాడు. అతని కన్ను ఎక్కడా తప్పలేదు. మంచులో, నీటి మీద, నేను చెప్పిన అంకెను అంత సరిగ్గా పాటించాడు.

నా భార్య టీ తెచ్చి పెట్టి, “ఏటండీ, అలగ చెమట పట్టింది?” అంది. ఉక్కగా ఉందన్నాను. డిసెంబరు నెల.

వెంటనే వెళ్లి చెప్పవలసింది. ఇరవై ఒకటిన ఒడ్డుకు నడవడం మానేశాను. ఇరవై రెండు మధ్యాహ్నం వెళ్లాను, ఇంకా పెద్ద తప్పు చేయడానికి. అతని ఫోనులో మిగతా గుర్తులు కూడా తప్పుగానే ఉన్నాయి కదా. మళ్లీ మంచు దిగితే మళ్లీ వల పోతుంది. అందుకని, “ఫోను ఓసారి ఇటివ్వు, చిన్న మార్పు ఉంది, కొత్త రకం ఫోనులకు ఇలాంటివి అవసరం,” అని తీసుకుని, మూడు రాళ్ల కొలతలూ సరిచేసి ఇచ్చాను. ఈసారి పుస్తకం ముందు పెట్టుకునే. అతను నాకోసం కొబ్బరిబొండం కొట్టించాడు.

“ఇంత ఎండలో మీకు సెమ బాబూ,” అన్నాడు.

నేను బొండం తాగి వచ్చాను. ఆ నీళ్లు తీయగా ఉన్నాయన్నది ఇప్పటికీ మరిచిపోలేను.

తప్పు సరిచేశాను కదా, చెప్పకపోతే ఎవరికి నష్టం అని ఆ రెండు మూడు రోజులు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నష్టం ఎవరికో ఇరవై ఎనిమిదిన తెలిసింది. అతని భార్య మా ఇంటికి రోజు విడిచి రోజు చేపల బుట్ట తెస్తుంది. మేము కానాగంతలు పన్నెండు తీసుకుంటాం. లెక్కపెట్టి పన్నెండు వేశాక, “ఇది బాబుకి,” అని పదమూడోది కొసరుగా వేయడం ఆమె అలవాటు. ఆ రోజూ వేసింది. వేసి, నా భార్యతో అంది:

“మాయన ఇంజను కాడ కూకోడం మానీసినాడమ్మా. మా తమ్ముణ్ణి కూకోబెట్టినాడు. ‘నా కన్ను పోనాది, నా ఎనక నలుగురు మనుసులు ఉన్నారు, ఆళ్లని కూడా ముంచీగల్ను’ అంటన్నాడు. ముందర కూకుని తాడు లాగుతున్నాడు. ముప్పై ఏళ్లయినాది, ఆ సోటు ఎవులికీ ఇవ్వనేదు.”

“వయసు వస్తే చూపు తగ్గుతుంది కదే,” అంది నా భార్య.

“అదే నానూ అన్నాను. ఆసుపత్రికి లాక్కెల్తాను.”

నేను వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. ఆ మధ్యాహ్నం చేపల కూర తినలేకపోయాను. అతను పోగొట్టుకున్నది ఒక వల అనుకున్నాను. వల మళ్లీ అల్లుకుంటారు. ఒడ్డు వైపు తిరిగి చూసి, రాయి ఇక్కడ అని చెప్పగల కన్ను తనకు లేదని అతను నమ్మేశాడు. నమ్మించినవాణ్ణి నేను.

అప్పటికీ నోరు విప్పలేదు. ఆసుపత్రిలో కన్ను కొంచెం తగ్గిందని చెబితే బాగుండునని ఆశించాను. ఇది రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది. ఒక మనిషి చూపు పాడై ఉండాలని నాలుగు రోజులు కోరుకున్నాను, నా అంకె నిలబడడం కోసం.

జనవరి ఒకటిన ఆమె మళ్లీ వచ్చింది. బుట్ట దించగానే వసారాలోకి చూసి నన్నే పిలిచింది.

“బాబూ, నిన్న శ్రీకాకుళం తీసుకెల్లి సూపించినాను. సుక్కలేసి కూకోబెట్టి, దీపమెట్టి, అచ్చరాలకి బదులు బొమ్మలు సూపించి, అన్నీ సేసినారు. కన్ను బాగున్నాదంట. కుర్రోడి కన్నంట. ఆ మాట ఇన్నాక మాయన ఇంకా ఇదైపోనాడు. కన్ను బాగుంటే మరి పాడైనది బుర్రేనా బాబూ? మీరు సదూకున్నోరు, సెప్పండి.”

నేను చదువుకున్నవాణ్ణి. చెప్పలేదు. ఆమె పన్నెండు లెక్కపెట్టి, పదమూడోది వేసి వెళ్లింది.

రెండో తేదీ పొద్దున సర్వే పుస్తకం సంచిలో పెట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. అతనిని పక్కకు పిలిచి చెబుదామనే బయలుదేరాను. అక్కడికి వెళ్లాక అది కూడా తప్పించుకోవడమే అనిపించింది. ఏడుగురి ముందు అన్న మాటను ఒక్కడి చెవిలో వెనక్కి తీసుకోకూడదు. ఆ ఏడుగురిలో నలుగురు అక్కడ ఉన్నారు. అతనూ, భార్యా చీలిన వలను ఇసుక మీద పరిచి ముళ్లు వేస్తున్నారు.

“మొన్న పద్దెనిమిదిన తప్పింది నీ కన్ను కాదు. నా అంకె,” అన్నాను.

అతను ముడి వేస్తున్న చేయి ఆపాడు. నేను పుస్తకం తెరిచి, చుక్క చూపించి, ఫోను మార్చినప్పుడు నేను చేసినదంతా చెప్పాను. నూరో వంతులు, సెకన్లు అని నేను చెబుతున్నది వాళ్లకు ఎక్కడం లేదని తెలుస్తూనే ఉంది. చివరికి ఇసుకలో వేలితో గీసి, “రాయి ఇక్కడ. నేను ఇక్కడ అని చెప్పాను. నువ్వు నేను చెప్పిన చోటికే సరిగ్గా వెళ్లావు,” అన్నాను. అది ఎక్కింది.

ముందు అడిగింది అతని భార్య.

“మీకు ఎప్పుడు తెలిసినాది బాబూ?”

“ఇరవయ్యో తేదీ.”

ఆమె వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. “పదమూడు రోజులు. నిన్న నాను మీ గుమ్మంలో అడిగీసరికి మీకు తెలుసును.”

“తెలుసు.”

అతను నా ముఖం చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, ఆ రాళ్ల గుర్తులున్న తెర తెరిచాడు. “అయితే ఆ రోజొచ్చి మార్పన్నారు. అదేనా?”

“అదే.”

“బొండం కొట్టించినాను మీకు,” అన్నాడు. అరిచి ఉంటే నిలబడగలిగేవాణ్ణి.

బావమరిది గొంతు సవరించుకుని, ఎప్పటిలా నవ్వబోయి, “రాయిని జరిపీసినారన్నమాట సర్వేరు బాబు. గట్లు జరిపినట్టు...” అని సగంలో ఆపేశాడు. నా ముప్పై నాలుగేళ్లలో ఆ మాట అనడానికి ఎవరికీ సందు ఇవ్వలేదు.

“నువ్వు ఊరుకో,” అన్నాడు అతను. “రేపు ఇంజను కాడ నాను కూకుంటాను. నువ్వు ముందరికి పో.”

“అలగే బావా. నాకూ నడుం పట్టీసినాది అక్కడ కూకుని.”

ఆ మాటకు అతను నవ్వాడు, భార్య కూడా ముక్కు చీది నవ్వింది. నేను పుస్తకంలోని ఆ పేజీని చింపి అతనికి ఇవ్వబోయాను. అతను తీసుకోలేదు. “అచ్చరాలు మాకెందుకు బాబూ, మీకాడే ఉంచండి,” అని మళ్లీ ముడి వేయడంలో పడ్డాడు.

మర్నాడు వెళ్లి దూరంగా నిలబడ్డాను. తేలికగా మంచు ఉంది, కొండ ఉన్నదీ లేనిదీ తెలియకుండా ఉంది. తెప్ప అలలు దాటింది. ఇంజను దగ్గర కూర్చున్న మనిషి ఒడ్డు వైపు మెడ తిప్పి చూస్తున్నాడు. చాలాసేపు అలాగే చూశాడు, మంచు పలచబడేదాకా. జేబులోంచి ఏదీ తీయలేదు. నేను నిలబడ్డది ఇరవై ఆరు నిమిషాలు. ఆ రోజు డైరీలో అది రాశాను, కారణంతో సహా.

మూడు రాళ్ల కొలతలూ నా కొత్త ఫోనులో ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. అమ్మాయి వచ్చి ఒక్కొక్క అంకె చదువుతుంటే, నేను పుస్తకంతో సరిచూశాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. అతను కనపడితే “బాగున్నారా బాబూ” అంటాడు. కొలతలు మాత్రం అడగడు.

అతని భార్య చేపలు తేవడం మానలేదు. మూడో తేదీన వచ్చి బుట్ట దించి, నా భార్య పట్టిన గిన్నెలో ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ వేసింది. పన్నెండు దగ్గర ఆగి, బుట్ట మీద గుడ్డ కప్పింది.

“అదేటే, బాబుకి వెయ్యలేదు?” అంది నా భార్య.

“బాబుకి లెక్కంటే లెక్కే గదమ్మా,” అని బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆమె వీధి మలుపు తిరిగాక నా భార్య గిన్నె లోపలికి తీసుకెళ్లింది. నేను వెనకాలే వెళ్లి, ఎందుకో మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండే ఉన్నాయి.